పప్పు తింటే బరువు తగ్గుతుందా? అన్నం తగ్గితేనే తగ్గుతుంది

కావలి నుంచి అడిగిన సోదరి ప్రశ్నలో మూడు విషయాలు ఉన్నాయి. ఆమె వయసు 41, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. ఇంటిల్లిపాదీ శాకాహారులు. ఆమె రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు. రాత్రి భోజనం మానేసి బఠానీ ప్రొటీన్ పొడిని నీళ్ళలో కలుపుకొని తాగితే బరువు తగ్గుతుందని ఎవరో చెప్పారు కాబట్టి ఆ డబ్బా కొనాలా వద్దా అన్నది మొదటి ప్రశ్న. పప్పు ఎక్కువ తింటే ఒళ్ళు వస్తుందని, వాతం చేస్తుందని అత్తగారు అంటున్నారు, అది నిజమా అన్నది రెండవది. అత్తగారికి 68 ఏళ్ళు, చక్కెర వ్యాధి ఉంది, ఈమధ్య రక్తపరీక్షలో మూత్రపిండాల పనిని తెలిపే క్రియాటినిన్ ఎక్కువగా వచ్చింది. ఆమె కూడా ఇదే తిండి తినవచ్చా అన్నది మూడవది. ఒంగోలులో ఇరవై రెండేళ్ళుగా ఆహార సలహాలు ఇస్తున్నదాన్ని కాబట్టి, నాకు ఎదురైన అనుభవాలను కూడా కలిపి వివరంగా రాస్తున్నాను.

ముందుగా చెప్పవలసింది ఒకటే. పప్పుధాన్యాలలోని మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు, బరువు తగ్గడానికి నిజంగానే సాయపడతాయి. అయితే కంచంలో అన్నమూ నూనే ఆక్రమించుకున్న చోటును అవి తీసుకున్నప్పుడు మాత్రమే ఆ సాయం అందుతుంది. ఉన్న అన్నం మీద అదనంగా వచ్చి చేరితే, అది పప్పయినా పొడి అయినా, బరువు పెరుగుతుందే తప్ప తగ్గదు.

వృత్తిలోకి వచ్చిన తొలి సంవత్సరాల్లో నేను ఈ విషయంలోనే పొరపాటు చేశాను. బరువు తగ్గాలని వచ్చినవారందరికీ "పప్పు బాగా తినండి" అని చెప్పేదాన్ని కానీ, కొలత చెప్పేదాన్ని కాదు. మూడు నెలల తరువాత తూకం చూస్తే కొందరు ఒకటి రెండు కిలోలు పెరిగారు. కారణం తెలుసుకోవాలని వారు ఏ పూట ఏమి తిన్నారో, ఎంత తిన్నారో కూర్చోబెట్టి అడిగి రాసుకున్నాను. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ ఉన్న రోజున మన జిల్లాలలో ఎవరైనా మామూలుకన్నా నాలుగు ముద్దలు ఎక్కువే తింటారు. పప్పు రుచికి అన్నం లోపలికి పోతుంది, అన్నంతోపాటు నెయ్యి పోతుంది. కాబట్టి అత్తగారి మాటను నేను కొట్టిపారేయను. ఆవిడ చూసింది నిజమే. ఒళ్ళు తెచ్చినది పప్పు కాదు, పప్పు వెంట లోపలికి వెళ్ళిన అన్నమూ నెయ్యీ.

ఇక మరో సంగతి. రోజూ పప్పు తింటున్నామని అనుకునే ఇళ్ళలోనూ నిజంగా తినే పప్పు చాలా తక్కువ. నలుగురున్న ఇంట్లో పప్పుచారుకు గుప్పెడు కందిపప్పు వేస్తారు, అంటే 60 గ్రాములు. మనిషికి వచ్చేది 15 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఆ లెక్కన పప్పుచారుతో మనకు అందుతున్నది మూడు గ్రాములు మాత్రమే. అదే భోజనంలో 150 గ్రాముల బియ్యం వండుకొని తింటే, బియ్యంలో 100 గ్రాములకు దాదాపు 8 గ్రాములు ఉంటాయి కాబట్టి, 12 గ్రాములు అన్నం నుంచే వస్తున్నాయి. పెన్నా నీళ్ళతో వరి పండించి మొలగొలుకుల అన్నం రుచి మరిగిన ప్రాంతం మనది. మాంసకృత్తుల కోసం కూడా తెలియకుండానే అన్నం మీద ఆధారపడుతున్నాము, వాటి వెనుక వచ్చే పిండిపదార్థమే నడుము చుట్టూ చేరుతున్నది.

ఈ భోజనాన్నే కొద్దిగా మార్చి చూద్దాము. బియ్యం 150 గ్రాముల నుంచి 75కు తగ్గించి, కందిపప్పు 15 గ్రాముల నుంచి 50కి పెంచితే, మాంసకృత్తులు 15 గ్రాముల నుంచి 17కు పెరుగుతాయి. కేలరీలు మాత్రం సుమారు 585 నుంచి 430కి దిగుతాయి. ఒక్క పూటలో 150 కేలరీలు తగ్గాయి, కండకు అందవలసినది తగ్గలేదు. పప్పుతో బరువు తగ్గడమంటే అసలు జరిగేది ఈ మార్పిడే. పోపులో ఒక పెద్ద చెంచా నూనె ఎక్కువ పడితే అందులో 125 కేలరీలదాకా తిరిగి వచ్చి చేరతాయి కాబట్టి, ఈ లెక్కలో నూనెను కూడా కొలిచి వేయవలసిందే. పప్పే కదా అని శనగపప్పును నానబెట్టి రుబ్బి మసాలా వడలుగా వేయించుకుంటే ఈ లెక్కకు అర్థమే ఉండదు.

మాంసకృత్తులకు ఆకలిని అదుపు చేసే గుణం ఎందుకుందో కొంత తెలుసుకుంటే నమ్మకం కుదురుతుంది. అవి పేగులను చేరినప్పుడు జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు విడుదలవుతాయి. కడుపు నిండిందన్న సంకేతం వాటి ద్వారా మెదడుకు చేరుతుంది. మాంసకృత్తుల నుంచి వచ్చే ప్రతి 100 కేలరీలలో 20 నుంచి 30 దాకా వాటిని అరిగించుకోవడానికే ఖర్చవుతాయి. పిండిపదార్థాలకు ఈ ఖర్చు 5 నుంచి 10, కొవ్వులకు 3కు మించదు. ఇది చాలా పెద్ద లాభమన్నట్లు ప్రకటనలలో చెబుతారు. రోజుకు 60 గ్రాముల మాంసకృత్తులు తిన్నా అరుగుదలకు పోయేది 50, 70 కేలరీల మధ్యనే కాబట్టి దానికి అంత ప్రాధాన్యం ఇవ్వనక్కరలేదు. నా దృష్టిలో అంతకన్నా విలువైనది కండను నిలుపుకోవడం. తిండి తగ్గించి బరువు దిగేటప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది; మాంసకృత్తులు తగినంత అందుతూ, వారానికి రెండు మూడు రోజులైనా కండరాలకు బరువు పడే వ్యాయామం చేస్తే ఆ నష్టం తక్కువగా ఉంటుంది. నలభై దాటిన స్త్రీలకు ఇది మరీ ముఖ్యం.

అయితే పప్పుధాన్యాల బలం మాంసకృత్తులలోనే లేదు, వాటితో కలిసి వచ్చే పీచులోనూ ఉంది. పొట్టుతో ఉన్న శనగలలో 100 గ్రాములకు సుమారు 25 గ్రాముల పీచు ఉంటుంది, పొట్టు తీసి బద్దలు చేసిన శనగపప్పులో అది 15కు పడిపోతుంది, కందిపప్పులో 9. ఈ పీచులో కొంత భాగం నీటిని పీల్చుకొని జిగురుగా మారి, కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది. పప్పులలోని పిండిపదార్థం కూడా నెమ్మదిగా అరుగుతుంది. ఏ ఆహారం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో కొలిచే గ్లైసీమిక్ సూచికను 1981లో ప్రతిపాదించిన టొరంటో పరిశోధకుడు డేవిడ్ జెంకిన్స్, ఉదయం పప్పుధాన్యాలు తిన్నవారికి మధ్యాహ్న భోజనం తరువాత కూడా చక్కెర తక్కువగా పెరుగుతుందని ఆ రోజుల్లోనే గమనించారు. ఉదయం ఇడ్లీకో, నెల్లూరు కారం దోశకో బదులు పెసరట్టు వేసుకోమని నేను పట్టుబట్టడానికి ఇదే కారణం. పెసరట్టులో గుప్పెడు బియ్యం కలిపే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. అది మానండి, అట్టు కాస్త మెత్తగా వచ్చినా నష్టం లేదు.

పప్పుల వల్ల ఎంత బరువు తగ్గుతుందో కూడా నిజాయితీగా చెప్పాలి. 2016లో అమెరికన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్‌లో ఒక పరిశీలన వచ్చింది. 21 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 940 మందిని కలిపి లెక్కించగా, రోజుకు సుమారు 132 గ్రాముల ఉడికిన పప్పుధాన్యాలు తిన్నవారు, తిననివారికన్నా ఆరు వారాలలో 0.34 కిలో ఎక్కువ తగ్గారు. అంటే పావుకిలోకు కాస్త పైన. నెలకు పది కిలోలని చెప్పేవారి మాటలు విన్నాక ఇది చాలా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ మిగిలిన తిండిని పెద్దగా మార్చకుండా ఒక్క పప్పు వల్ల కలిగిన లాభం ఇది. అన్నమూ నూనే కూడా కొలతకు వస్తే ఫలితం ఇంతకన్నా పెద్దదిగా ఉంటుంది. మీకు మొదటి లక్ష్యంగా మూడున్నర కిలోలు పెట్టుకోమంటాను, అంటే ఉన్న బరువులో 5 శాతం. దానికి మూడు నుంచి ఆరు నెలలు తీసుకోండి. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే మీ శరీర ద్రవ్యరాశి సూచిక (బీఎంఐ) 30 దగ్గర ఉంది. మన దేశీయులకు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా లెక్కిస్తారు. తూకంతోపాటు నడుము చుట్టుకొలతను కూడా రాసుకోండి. స్త్రీలకు అది 80 సెంటీమీటర్లకు లోపల ఉండాలి.

ఇక మీ డబ్బా సంగతి. బఠానీ ప్రొటీన్ పొడి విషమేమీ కాదు, మోసమూ కాదు. బఠానీ పిండిని క్షార గుణం ఉన్న నీటిలో కలిపితే మాంసకృత్తులు కరుగుతాయి. పిండినీ పీచునూ వేరు చేసి, మిగిలిన నీటికి ఆమ్లం చేర్చితే మాంసకృత్తులు విరిగి అడుగుకు చేరుతాయి. వాటిని ఆరబెట్టి పొడి చేస్తారు. అందువల్ల 30 గ్రాముల చెంచాలో 24 గ్రాములదాకా మాంసకృత్తులు ఉంటాయి. కానీ ఆకలిని ఆపే పీచు ఆ ప్రక్రియలో చాలా వరకు పోయింది. పైగా తాగే తిండి నమిలే తిండిలాగా ఎక్కువసేపు నిలవదు. రాత్రి ఎనిమిదికి పొడి తాగినవారు పదింటికి బిస్కెట్ల డబ్బా తెరవడం నేను ఎన్నోసార్లు విన్నాను. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా కండల కోసం ప్రొటీన్ పొడుల మీద ఆధారపడవద్దనే చెప్పాయి. జబ్బు పడి నమలలేనివారికి, వైద్యుడు ప్రత్యేకంగా సూచించినవారికి అవి ఉపయోగపడతాయి. మీకు ఆ అవసరం కనిపించడం లేదు. అంతగా కావాలనుకుంటే 50 గ్రాముల మీల్‌మేకర్‌లో, అంటే సోయా ముక్కల్లో, 26 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి, అది ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది.

మన చుట్టూ పండేవాటినే చూడండి. ఒంగోలు పరిసరాల నల్లరేగడి నేలల్లో రబీ వచ్చిందంటే శనగే. ధర కోసం ఎదురుచూస్తూ రైతులు దాచుకున్న శనగ బస్తాలతో శీతల గిడ్డంగులు నిండి ఉంటాయి. పొదిలి, దర్శి, కనిగిరి మెట్టల్లో కంది, అలసంద, ఉలవ పండుతాయి. ఇంత పండే చోట ఉంటూ శ్రావణమాసంలో వాయనంగా వచ్చిన నానిన శనగలు ఎక్కువయ్యాయని బాధపడే ఇళ్ళను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. వాటిని ఉడికించి, ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకుతో చెంచాడు నూనెలో పోపు పెట్టి, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం కలుపుకుంటే సాయంత్రం పూట బజ్జీల కోసం చూడనక్కరలేదు. నిమ్మరసం రుచికే కాదు. పప్పుధాన్యాలలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వని ఫైటేట్ల ప్రభావాన్ని అందులోని విటమిన్ సి కొంత తగ్గిస్తుంది. కాఫీ, టీలు కూడా ఇనుమును ఒంటికి పట్టనివ్వవు కాబట్టి భోజనం వెంటనే వాటిని తాగవద్దంటాను.

ఉలవచారు గురించి ఇక్కడే ఒక మాట. బరువు తగ్గాలని రోజూ ఉలవచారు తాగుతున్నామని చాలామంది చెబుతారు. ఉలవలు ఉడికించిన కట్టును వంచి, చింతపండు పోసి మరిగిస్తేనే ఉలవచారు అవుతుంది. ఉడికిన గింజలను పూర్వం పశువులకు పెట్టేవారు. మాంసకృత్తులలో అధిక భాగం ఆ గింజలలోనే ఉండిపోతుంది. మనం కట్టు తాగుతున్నాము, బలం ఎద్దు తింటున్నది. గింజలను గుగ్గిళ్ళుగా చేసుకొని తినండి. ఉలవలలో కూడా 100 గ్రాములకు దాదాపు 22 గ్రాములు ఉన్నాయి.

వాతం అన్న మాటకు కూడా ఆధారం ఉంది. పప్పుధాన్యాలలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి. వాటిని అరిగించే ఎంజైము మన పేగులలో లేదు కాబట్టి, అవి పెద్దపేగును చేరి అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి వాయువును పుట్టిస్తాయి. శనగలు, ఉలవలు, అలసందలు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మెత్తగా ఉడికిస్తే ఈ చక్కెరలు చాలా వరకు పోతాయి. మొలకలు వచ్చిన గింజలను కూడా ఆవిరి పట్టి తినండి, పచ్చివి వద్దు. ఇంగువ, అల్లం, జీలకర్ర మన పెద్దలు ఊరికే వేయలేదు. అన్నిటికన్నా ముఖ్యం నెమ్మదిగా పెంచడం: మొదటి వారం రోజుకు 30 గ్రాములు చేర్చి, పేగులు అలవాటుపడ్డాక పెంచుకోవాలి, నీళ్ళు కూడా ఎక్కువ తాగాలి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్ళతో పప్పు ఎంతకూ ఉడకదని చెబుతుంటారు. నీటిలోని కాల్షియం గింజ పైపొరను బిగువు చేయడమే దానికి కారణం. దానికి వంటసోడా వేస్తే బి1 విటమిన్ నశిస్తుంది. దాని బదులు ఉడికించడానికి మాత్రం శుద్ధి చేసిన నీళ్ళు వాడుకోండి. దెబ్బ తగిలినప్పుడు పప్పు తింటే చీము పడుతుందన్న మాటకు మాత్రం ఏ ఆధారమూ లేదు. గాయం మానడానికి కావలసినవే మాంసకృత్తులు.

మీకు సరిపడే ఒక రోజు తిండి ఇలా ఉండవచ్చు. గింజల బరువులన్నీ నానబెట్టక ముందువి. ఉదయం 50 గ్రాముల పొట్టు పెసలతో రెండు పెసరట్లు, అల్లం పచ్చడి కొద్దిగా. మధ్యాహ్నం 75 గ్రాముల బియ్యం అన్నం, 50 గ్రాముల కందిపప్పుతో తోటకూర పప్పో గోంగూర పప్పో, ఒక కూర, 200 గ్రాముల పెరుగు. సాయంత్రం 30 గ్రాముల శనగల గుగ్గిళ్ళు. రాత్రి 60 గ్రాముల జొన్నపిండితో రొట్టెలు, 25 గ్రాముల మీల్‌మేకర్ కలిపిన కూరగాయల కూర. రోజు మొత్తం మీద కూరగాయలు 400 గ్రాములు, నూనె నాలుగు చిన్న చెంచాలు. ఇందులో దాదాపు 65 గ్రాముల మాంసకృత్తులు, సుమారు 1,400 కేలరీలు ఉంటాయి. 55 కిలోల స్త్రీకి రోజుకు 46 గ్రాములు చాలునని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫారసు. బరువు తగ్గే కాలంలో దానికన్నా కొంత ఎక్కువ ఉండటం కండకు మంచిది. అన్నాన్ని పూర్తిగా మానమని నేను ఎవరికీ చెప్పను. పప్పులలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, లైసిన్ ఎక్కువ. బియ్యం, జొన్నలలో లైసిన్ తక్కువ. రోజు మొత్తంలో రెండూ తింటే ఒకదాని కొరతను మరొకటి పూరిస్తుంది.

మధ్యాహ్నం తినే తీరు కూడా మార్చండి. కూరా పప్పూ ముందు గిన్నెలో వేసుకొని చెంచాతో సగం తినేసి, ఆ తరువాతే అన్నం వడ్డించుకోండి. కందుకూరు నుంచి వచ్చే ఒక రైతు ఇది చేయలేనన్నారు, అన్నంలో కలపకుండా పప్పు తినడం వారి ఇంట్లో ఎవరూ చూడలేదట. నెల రోజులు ప్రయత్నించాక రెండో వడ్డన అడగడం తనంతట తానే మానేశానని చెప్పారు.

థైరాయిడ్ మాత్ర విషయంలో ఒక జాగ్రత్త అవసరం. సోయా ఆ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గించగలదు. తెల్లవారగానే పరగడుపున మాత్ర వేసుకొని, మీల్‌మేకర్‌ను రాత్రికి మాత్రమే ఉంచుకుంటే ఇబ్బంది ఉండదు. కొత్త తిండి మొదలుపెట్టిన రెండు నెలలకు థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకొని, మీ వైద్యుడికి సోయా తింటున్న సంగతి చెప్పండి.

అత్తగారికి మాత్రం ఈ పట్టిక పెట్టకండి. క్రియాటినిన్ పెరిగిందంటే మూత్రపిండాల పని ఎంత తగ్గిందో ముందు తేలాలి. డయాలసిస్ అవసరం లేని దశలో మాంసకృత్తులను సాధారణంగా పరిమితం చేస్తారు. డయాలసిస్ మొదలయ్యాక అవసరం పెరుగుతుంది. రెండింటికీ ఒకే సలహా పనికిరాదు. పప్పులలో పొటాషియం కూడా ఎక్కువ. ఆమె తినే పప్పు కొలతను మూత్రపిండాల వైద్యుడు నిర్ణయించేదాకా ఇప్పుడు తింటున్న మేరకే ఉంచండి, పెంచవద్దు; ప్రొటీన్ పొడి అసలే వద్దు. చక్కెరకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్ర గానీ వాడుతున్నట్లయితే, మిమ్మల్ని చూసి ఆమె కూడా అన్నం ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వైద్యుడి దగ్గరకు వెళ్ళేటప్పుడు క్రియాటినిన్ నివేదికతోపాటు, ఆమె వారం రోజులు ఏ పూట ఎంత అన్నం, ఎంత పప్పు తిన్నారో ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్ళండి.